పాముచెవులాయనా, టకారపొల్లూ

విశ్వవిద్యాలయం భాషల విభాగం మూడో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు, కిటికీ లేని గది ఒకటి ఉంది. బయటి చప్పుళ్లు లోపలికి రాకుండా గోడలకు మందపాటి గుడ్డ బిగించి, తలుపు అంచులకు రబ్బరు పట్టీ వేశారు. ఆ గదిలో ఇరవై రెండేళ్లు కూర్చున్న మనిషిని అందరూ పాముచెవులాయన అనేవారు. ఎదురుగా అన్నా ఆయన ఏమీ అనుకునేవాడు కాదు, పైగా లోలోపల మురిసిపోయేవాడు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది, అక్కడే ఉండిపోయింది.

ఆయన చదువు పదో తరగతితో సరి. అంతకుముందు బజారు వీధిలో రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసే చిన్న కొట్టు నడిపేవాడు. ఒకనాడు ప్రొఫెసరమ్మ తన శిష్యురాలిని వెంటబెట్టుకుని, టేపు నమిలేస్తున్న రికార్డరు ఒకటి పట్టుకొచ్చింది. శిష్యురాలు దాని జబ్బేమిటో ఇంగ్లీషులో వివరిస్తుంటే ఈయన స్క్రూలు విప్పుతూ, తలెత్తకుండానే, "మీ ఇల్లు కొండవైపే గానీ, మిమ్మల్ని పెంచింది రేవు ఊరి మనిషి అయ్యుండాలమ్మా" అన్నాడు. ఆ అమ్మాయిని పెంచింది అమ్మమ్మ. అమ్మమ్మది రేవు ఊరే. ప్రొఫెసరమ్మ రికార్డరు సంగతి మరిచిపోయి ఆయన మొహంకేసి చూస్తూ ఉండిపోయింది. నెల తిరక్కుండానే కొట్టుకు తాళం పడింది, ఆయన మూడో అంతస్తు ఎక్కాడు.

ఆ ప్రాంతంలో ఇంటా బయటా అందరి నోటా ఇంగ్లీషు ఒకటే అయినా, పలికే తీరు ఊరికొకటి. కొండవైపు వాళ్లు మాటను జీడిపాకంలా సాగదీస్తారు. మైదానం వాళ్లకు సగం మాట ముక్కులోంచి వస్తుంది. రేవు ఊరి వాళ్లు ఎక్కడికక్కడ కత్తిపీటతో కోసినట్టు తెగ్గొడతారు. ఈ తీరులు తరం మారేకొద్దీ ఎలా మారుతున్నాయో పట్టుకోవాలని ప్రొఫెసరమ్మ పట్టుదల. అందుకని ఏటా ఒకే నెలలో రేవు ఊరికి వెళ్లి, వీలైనంతవరకూ అదే నలభైమందిని, తలా ఒక గంట రికార్డు చేయాలి. అది పాముచెవులాయన పని.

మైకు ముందు పెట్టగానే మనిషి మారిపోతాడు. వలలు బాగుచేసే తాత కూడా వార్తలు చదివేవాడిలా గొంతు సవరించుకుంటాడు. దీనికి ఆయన దగ్గర ఒక ఉపాయం ఉండేది. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి, కాగితం మీద సంతకం తీసుకునేవాడు. తర్వాత మాటల జాబితా చదివించేవాడు. అదయ్యాక, "మిషను కాస్త మొరాయిస్తోందండీ" అని స్క్రూడ్రైవరు తీసి ఏదో గెలుకుతూ కూర్చునేవాడు. మిషను నిక్షేపంలా తిరుగుతూనే ఉండేది. ఎదుటివాళ్లకు విసుగొచ్చి, అల్లుడి బద్ధకం గురించో పక్కింటి కుక్క గురించో అందుకునేవారు. అప్పుడొచ్చేది అసలు యాస.

రేవు ఊరి నుంచి తిరిగొచ్చాక కిటికీ లేని గదిలో అసలు చాకిరీ మొదలయ్యేది. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలికింద టేపును వెనక్కి తిప్పే పెడలు, ముందు గళ్ల కాగితాలు. ప్రొఫెసరమ్మకు కావలసింది ముఖ్యంగా ఒక్క ధ్వని. ఫస్ట్, లాస్ట్, వెస్ట్ లాంటి మాటల చివర వచ్చే టకారపొల్లు. దాన్ని పలికితే గడిలో గీత, మింగేస్తే సున్నా. ఒక గంట టేపుకు రోజున్నర పట్టేది. ఆయనతో పాటు ఇంకొకరి చేత కూడా వినిపించి సరిచూడాలని మొదట్లో అనుకున్నారు. రెండేళ్లు అలా చేసి చూశారు. తేడా వచ్చినప్పుడల్లా ఆయనే ఒప్పు అని తేలేది. ఇక రెండో మనిషి దండగని మానేశారు.

ఏటేటా సున్నాలు పెరిగాయి. మొదటి సంవత్సరాల్లో నూటికి పది. తర్వాత ఇరవై. పదిహేనో ఏటికి నలభై దాటాయి. అందులోనూ ముసలివాళ్ల కాగితాల్లో గీతలు, కుర్రకారు కాగితాల్లో సున్నాలు. ఒక ధ్వని ఒక ఊరి నాలుక మీది నుంచి జారిపోవడాన్ని ఇంత స్పష్టంగా పట్టుకున్నవాళ్లు లేరని అందరూ మెచ్చుకున్నారు. ప్రొఫెసరమ్మ దాని మీద పుస్తకం రాసింది. ముందుమాట చివర, "ఈ పుస్తకానికి చెవులిచ్చిన మా సహోద్యోగికి" అని ఒక వాక్యం ఉంది. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి, కుట్టుమిషను మీద పని చేసుకుంటున్న భార్యకు చదివి వినిపించాడు.

ఆవిడ దారం కొరికి, "చెవులు వాళ్లకిచ్చేసి వచ్చారన్నమాట. అందుకే ఇంట్లో పనిచెయ్యట్లేదు" అంది.

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కుక్కరు కూతలు లెక్కపెట్టమని పురమాయిస్తే అడుగంటిపోయేదాకా కూర్చుంటాడని, వెనక నుంచి పిలిస్తే పలకడని, టీవీ వీధి చివరికి వినబడేలా పెడతాడని ఆవిడ ఎప్పట్నుంచో మొత్తుకుంటోంది. మగవాళ్లు పెళ్లాం మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తారన్నది లోకం అంతా ఎరిగిన సంగతే కదా అని ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. రోజూ ఎనిమిది గంటలు విని విని వచ్చిన చెవులకు ఇంట్లో సెలవు అనేవాడు.

పుస్తకం వచ్చిన ఏడేళ్లకు విభాగంలో ఒక కొత్త పరిశోధకురాలు చేరింది. ముప్పై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి, పదేళ్లు బడిలో పాఠాలు చెప్పి మళ్లీ చదువులోకి వచ్చింది. వచ్చిన వారంలోనే ఆయన్ని బాబాయ్ గారూ అని పిలవడం మొదలుపెట్టింది. పాత కేసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆవిడకు అప్పగించారు. కంప్యూటర్‌లో మాటకు బొమ్మ వస్తుంది. ఏ ధ్వని ఎక్కడ పలికిందో బూడిదరంగు చారల్లో కనిపిస్తుంది.

మూడు వారాలు ఆవిడ ముభావంగా తిరిగింది. తర్వాత ఒక మధ్యాహ్నం గదిలోకొచ్చి, తలుపు దగ్గరగా వేసి, "బాబాయ్ గారూ, ఈ ఒక్క మాట వింటారా?" అంది.

అది రేవులో పడవల టికెట్ కౌంటరు నడిపే ఆవిడ కూతురి గొంతు. లాస్ట్ అనే మాట. ఆయన విని, "సున్నా" అన్నాడు.

"ఇంకొక్కసారి."

"సున్నానేనమ్మా. వందసార్లు విన్నా సున్నానే."

ఆవిడ స్క్రీను ఆయన వైపు తిప్పింది. మాట చివర, కాస్త ఎడంగా, వెంట్రుకలా నిలువు చార ఒకటి ఉంది. అదే ట్ అని చెప్పి, "నాకు వినిపిస్తోంది కూడా" అంది.

ఆయన ముందు హెడ్‌ఫోన్లు మార్చాడు. తర్వాత తీగ మార్చాడు. పాత మిషను తెచ్చి కేసెట్టే పెట్టి చూశాడు. అటెండర్‌ని పిలిచి వినిపించాడు, అతను వినబడుతోందన్నాడు. టైపిస్టు కూడా వినబడుతోందంది. అందరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారా అని ఆయన నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. టైపిస్టు మాత్రం చేతిలో కాగితాలు సర్దుకుంటూ, తనకు పనుందని వెళ్లిపోయింది.

మర్నాడు భార్యను తీసుకుని చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. గాజు గదిలో కూర్చోబెట్టి, చేతికి ఒక మీట ఇచ్చి, చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కమన్నారు. ఆయన శ్రద్ధగా కళ్లు మూసుకుని నొక్కాడు. అవతల కూర్చున్న భార్యకు లోపలి చప్పుళ్లు వినబడవు గానీ, డాక్టరు పరికరం మీద ఎర్రదీపం వెలగడం కనిపిస్తోంది. దీపం వెలుగుతున్నా ఆయన చెయ్యి కదలడం లేదు. ఆవిడ ఇన్నేళ్లు సాధించింది అంతా ఆ క్షణంలో గుర్తొచ్చి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మోటు శబ్దాలన్నీ బాగానే అందుతున్నాయని, సన్నవి మాత్రం పోయాయని డాక్టరు చెప్పాడు. స, ఫ, మాట చివరి ట లాంటివి. ఎప్పట్నుంచి అని ఆయన అడిగాడు.

"అది ఎవరు చెప్పగలరండీ? పదేళ్లు కావచ్చు, పదిహేనేళ్లు కావచ్చు. మెల్లగా పోతుంది కాబట్టి పోతున్నట్టు తెలీదు. వినబడనిది మనసు పూరించుకుంటుంది. ఉంటుందనుకున్న చోట ఉన్నట్టే వినిపిస్తుంది."

ఆ ఆఖరి మాట ఆయన్ని ఆసుపత్రి మెట్ల మీద పట్టుకుంది. ఆయన రెయిలింగు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముసలివాళ్లు ట్ పలుకుతారని ఆయనకు ముందే తెలుసు, అందుకని వాళ్ల మాటల్లో వినిపించింది. కుర్రవాళ్లు మింగేస్తారని అనుకున్నాడు, అందుకని వినిపించలేదు. ఏడాదికేడాది పెరిగినవి రేవు ఊరి సున్నాలు కావు. అవి ఆయన చెవుల్లో పడ్డ చిల్లులు. భార్య ఏమిటి ఆగారని అడిగింది. ఆయన ఏమీ లేదన్నాడు.

ప్రొఫెసరమ్మ ఉద్యోగ విరమణ చేసినా వారానికి రెండు రోజులు వచ్చేది. ఆయన ఆవిడ ఎదురుగా నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఉన్నదున్నట్టు చెప్పాడు. డాక్టరు ఇచ్చిన గీతల కాగితం బల్ల మీద పెట్టాడు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, దాన్ని చాలాసేపు చూసింది. అరిస్తే బాగుండునని ఆయనకు అనిపించింది.

"మొదటి సంవత్సరాల టేపులు తీయించండి. మళ్లీ విందాం. అప్పటికీ ఇప్పటికీ నిజంగా తేడా ఉందో లేదో తేలిపోతుంది" అంది చివరికి.

"అవి లేవు మేడమ్."

ఆ రోజుల్లో విభాగానికి కొత్త కేసెట్లు మంజూరయ్యేవి కావు. గళ్ల కాగితాలు నిండాక పాతవి తుడిచేసి మళ్లీ వాడుకునేవారు. తొమ్మిదేళ్ల టేపులు అలా పోయాయి. అయస్కాంతం పెట్టి తుడిచింది ఈయనే. ఇద్దరికీ ఆ సంగతి ఒకేసారి గుర్తొచ్చింది.

"తుడవమని సంతకం పెట్టింది నేనే కదూ" అంది ప్రొఫెసరమ్మ. "మీరు బాధపడకండి. ఒక్క మనిషి చెవి మీద ఇల్లు కట్టింది నేను."

మిగిలిన పదమూడేళ్ల టేపులనూ కొత్త పరిశోధకురాలు, ఇంకో ఇద్దరు కలిసి నాలుగు నెలలు విన్నారు. ఆ పదమూడేళ్లలో రేవు ఊరి టకారపొల్లు ఎక్కడికీ పోలేదు. ముసలీ ముతకా, పిల్లా పెద్దా అందరి నోటా చెక్కుచెదరకుండా ఉంది. అన్నిటికంటే పాత టేపులో కూడా ప్రతి ఏడు మాటల్లో ఒకదానికి ఆయన తప్పు సున్నా పెట్టాడు. అంటే అప్పటికే చెవి దెబ్బతింది. అంతకుముందు మాటేమిటి? ఆ తొమ్మిదేళ్లలో ఊరు మారిందా, చెవి మారిందా? చెప్పగలిగిన టేపులు లేవు. ఉన్నవల్లా ఆయన చేతిరాతలో గీతలూ సున్నాలూ. వాటిని నమ్మడానికీ లేదు, కాదనడానికీ లేదు. కొత్త పరిశోధకురాలు లెక్కలన్నీ ఆయనకు చూపించి, "టీ తాగుదామా బాబాయ్ గారూ" అంది.

ఇదంతా కాగితాల మీది గొడవే అయితే ఆయన ఎలాగో దిగమింగుకునేవాడు. కానీ పుస్తకం వచ్చిన కొత్తలో ఒక పత్రిక, రేవు ఊరి పిల్లలు అక్షరాలు మింగేస్తున్నారని పెద్ద అక్షరాలతో వేసింది. అక్కడి బడిలో ప్రతి గురువారం ఉచ్చారణ తరగతి మొదలైంది. టికెట్ కౌంటరావిడ కూతురికి రేవులో పడవల వేళలు మైకులో చెప్పే ఉద్యోగం దాదాపు ఖాయమై, ఆఖరి నిమిషంలో తప్పిపోయింది. ఇక్కడివాళ్ల మాట స్పష్టంగా ఉండదని పుస్తకాల్లోనే రాశారు కదా అని, ఆ అమ్మాయిని పార్శిళ్ల గదిలో వేశారు. ఈ సంగతి ఆ తల్లే, ఒకసారి ఈయన మిషను గెలుకుతున్నప్పుడు, మామూలుగా చెప్పింది. ఆయన అప్పుడు సానుభూతిగా తలూపాడు. ఆ మాటల్లో కూడా సున్నాలు లెక్కపెట్టుకున్నాడు.

చెవిమిషను పెట్టించుకున్న రెండో వారంలో, ఎవరూ పంపకుండానే, రికార్డరు లేకుండా, ఆయన బస్సెక్కి రేవు ఊరు వెళ్లాడు. కొత్త మిషనుతో లోకమంతా గరగరలాడుతోంది. టికెట్టు చింపితే ఉలిక్కిపడుతున్నాడు.

మధ్యాహ్నం పడవ వెళ్లిపోయాక కౌంటరావిడ కిటికీ మూసి, బయట బెంచీ మీదకొచ్చి కూర్చుంది. ఇరవై రెండేళ్ల పరిచయం. ఆయన జరిగింది చెప్పాడు.

"అయితే మా పిల్ల అప్పుడు బాగానే మాట్లాడేదా అన్నయ్యగారూ?"

"బాగానే మాట్లాడేదమ్మా. వినేవాడికే వినబడలేదు."

ఆవిడ మోకాళ్ల మీద చీర ముడతలు సవరించుకుంది. "ఆ ముక్క ఆఫీసరు గారికి చెప్పండి" అని లేచింది.

ఆఫీసరు మర్యాదస్తుడే. ఇద్దరికీ కుర్చీలు చూపించాడు. ఆయన చెప్పిందంతా విని, పాపం అన్నాడు. అప్పటి ఆఫీసరు బదిలీ అయిపోయాడని, ఇప్పుడు వేళలు చెప్పడానికి మనుషులే లేరని, రాజధానిలో ఎవరితోనో ఒకేసారి చెప్పించి పంపిన గొంతునే అన్ని రేవుల్లోనూ వేస్తున్నారని చెప్పాడు. ఆ ఉద్యోగమే లేనప్పుడు ఎవరికిచ్చేది? కావాలంటే కాగితం మీద రాసివ్వమన్నాడు. పాముచెవులాయన అక్కడే కూర్చుని రాసిచ్చాడు. ఒక కాగితం పాడైతే ఇంకోటి అడిగి తీసుకున్నాడు.

పార్శిళ్ల గదిలో కూతురు మూటల మీద చీటీలు అంటిస్తోంది. తల్లి విషయం చెబితే, చేతులు తుడుచుకుంటూ వచ్చి పలకరించింది. ఆ అమ్మాయి నోట మాట చివర ప్రతి ట్ చెవిమిషనులోంచి ఆయన తలలో మేకు దిగినట్టు దిగింది. అది రేవు ఊరి ట్ కాదు. ఏ ఊరిదీ కాదు. మూతి బిగించి, నాలుక నొక్కిపెట్టి, తెచ్చి అతికించిన ట్.

"ఇంట్లోనూ ఇదే వరస" అంది తల్లి. "రెండేళ్లు అద్దం ముందు నిలబడి నేర్చుకుంది. వాళ్ల నాయనమ్మ అయితే, ఎవరో పరాయి పిల్ల వచ్చి మాట్లాడుతున్నట్టుందని గొడవ."

కూతురు తల్లి మీద కోపం తెచ్చుకోలేదు. ఆయనకేసి చూసి, "ఇప్పుడు అక్కర్లేదు, వదిలెయ్యమంటే ఎలాగండీ? నోరు అలా అలవాటైపోయింది. పాతది ఎలా ఉండేదో నాకే గుర్తు లేదు" అంది.

ఆయన దగ్గర ఆ పాతది ఉంది. మిగిలిన పాత టేపుల్లో ఉంది. పంపిస్తానన్నాడు. విని ఏం చెయ్యాలని ఆ అమ్మాయి అడిగింది. గట్టిగా కాదు, నిజంగానే తెలియక అడిగింది. ఈలోపు ఎవరో పార్శిలు కోసం వస్తే ఆ అమ్మాయి కౌంటరు దగ్గరికి వెళ్లింది.

ఆయన తిరిగొచ్చాక ప్రొఫెసరమ్మ తన వంతు తను చేసింది. పుస్తకంలోని లెక్కలు నమ్మదగినవి కావని, కారణం ఇదీ అని ఒక ప్రకటన రాసి పరిశోధన పత్రికకు పంపింది. ఐదు నెలలకు అది ఆఖరి పేజీలో, చిన్న అక్షరాల్లో, ఐదు వరుసల్లో వచ్చింది. ఎవరి పేరూ చెప్పకుండా "వినికిడి దోషం" అని వేశారు. పాముచెవులాయన దానికి నకళ్లు తీయించి బడికీ, రేవు ఆఫీసుకూ, ఆ పాత పత్రికకూ పంపాడు. ఉచ్చారణ తరగతి తల్లిదండ్రులకు బాగా నచ్చిందని, దాన్ని వారానికి రెండు రోజులు చేశామని బడి నుంచి సంతోషంగా జవాబొచ్చింది. రేవు ఆఫీసు నుంచి మీ లేఖ అందినది అని ఒక కార్డు వచ్చింది. పత్రిక నుంచి ఏమీ రాలేదు. పుస్తకం మాత్రం ఇంకా రెండు కాలేజీల్లో పాఠంగా ఉంది.

ఆయన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. కేసెట్ల పెట్టెల మీద చీటీలు రాసే పని ఇచ్చారు. విభాగంలో ఎవరూ ఆయన్ని పాముచెవులాయన అనడం లేదు. అలాగని అసలు పేరూ ఎవరికీ తెలియదు. కాబట్టి ఏమండీ అనో, ఇదుగో అనో అంటున్నారు. భార్య మాత్రం ఎగతాళి పూర్తిగా మానేసింది. చెప్పదలుచుకున్నది దగ్గరికొచ్చి, మొహానికెదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా మెల్లగా చెబుతోంది. ఆయనకు అది పాత సాధింపులకంటే కష్టంగా ఉంది.

రికార్డింగుల నెల వచ్చింది. ఈసారి కొత్త పరిశోధకురాలు వెళ్లింది. ఆమె వెళ్లిన మూడో రోజు, టిఫిను డబ్బా మూత తీస్తుండగా ఆయనకు ఫోనొచ్చింది. రేవు నుంచి కౌంటరావిడ. ఫోను దగ్గరికి తేగానే చెవిమిషను కీచుమంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టి ఫోను చెవికి ఆనించుకున్నాడు.

ఈసారి మీరు రాలేదేమని అడిగినట్టుంది. ఇక రానమ్మా అన్నాడు. తర్వాత ఆవిడ మాట్లాడుతూ పోయింది. ఇరవై రెండేళ్లుగా ఏడాదికొకసారి మనసులోదంతా ఆయన ముందు చెప్పుకోవడం అలవాటైన మనిషి. ఆయనకు అచ్చులు అందుతున్నాయి, హల్లులు అందడం లేదు. కూతురి సంగతో, అత్తగారి జబ్బో, ఏదో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తోంది. ఒక్కసారి గొంతు పైకి లేచి విరిగింది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. మళ్లీ చెప్పమని అడగాలనుకున్నాడు. ఎన్నోసారి అడిగేది? ఫోనును ఇంకో చెవికి మార్చుకున్నాడు. అక్కడా అంతే.

ఆవిడ ఆగినప్పుడల్లా, అడిగిందేమోనని, "ఊఁ" అన్నాడు. కాసేపటికి అటు నుంచి ఏ చప్పుడూ లేదు. పెట్టేసిందో, ఇంకా జవాబు కోసం చూస్తోందో తేల్చుకోలేక ఫోను అలాగే పట్టుకుని కూర్చున్నాడు.